ఇద్దరి బరువు, సామాను, ఘాటు రోడ్డు: హిమాలయన్ 411కు ఏ సస్పెన్షన్ మార్పు ముందు చేయించాలి?

రాయగడ బాటసారి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నాది రాయగడ. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 నడుపుతున్నాను. వారమంతా ఒక్కడినే జేకేపూర్ దాకా వెళ్ళి వస్తాను కాబట్టి ఆ రోజుల్లో బండితో నాకు ఏ పేచీ లేదు. పేచీ అంతా సెలవుల్లోనే వస్తోంది. నేను, మా ఆవిడ, రెండు పక్క పెట్టెలు, వెనక ర్యాకు మీద ఒక సంచి, ఇంత బరువుతో లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ చేరి, అక్కడి నుంచి పొట్టంగి, సుంకి ఘాటు దిగి సాలూరు, పార్వతీపురం మీదుగా ఇల్లు చేరడం మాకు అలవాటు. వచ్చే శీతాకాలంలో జయపురం, జగ్దల్‌పూర్ దాటి చిత్రకోట్ జలపాతం దాకా వెళ్ళాలని అనుకుంటున్నాము. ఆలోగా సస్పెన్షన్ సంగతి తేల్చుకోవాలి.

ఇబ్బందులు ఇవి. నిండు బరువుతో వెళ్ళేటప్పుడు వెనక భాగం బాగా కుంగిపోయి, రాత్రిపూట హెడ్‌లైటు వెలుతురు రోడ్డు మీద కాకుండా చెట్ల కొమ్మల మీద పడుతోంది. ఘాటు మలుపుల్లో బండిని ఒక పక్కకు వంచి పట్టుకున్నప్పుడు వెనక భాగం మెల్లగా పైకీ కిందికీ ఊగుతోంది. గుంతలో వెనక చక్రం పడితే ఇనుము ఇనుముకు తగిలినట్టు ఠక్కుమంటోంది. దిగువకు వచ్చేటప్పుడు ముందు బ్రేకు పట్టగానే ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ కాళ్ళు) ఒక్కసారిగా కూరుకుపోతోంది. ఒక్కడినే ఉన్నప్పుడు మాత్రం ఇవేవీ లేవు.

నాకు తోచిన దారులు మూడు ఉన్నాయి. ఉన్న వెనక షాకుకే (షాక్ అబ్జార్బరుకే) గట్టి స్ప్రింగ్ వేయించడం ఒకటి. వైఎస్‌ఎస్ వంటి కంపెనీ షాకు, విడిగా నైట్రోజన్ డబ్బా ఉన్నది, మొత్తంగా కొని బిగించడం రెండోది. వెనక భాగాన్ని అలాగే వదిలి ముందు ఫోర్కును బాగుచేయించడం మూడోది. నాకు తెలిసిన మెకానిక్ ఒకరు ఫోర్కులో చిక్కటి నూనె పోస్తే సరిపోతుందని అంటున్నారు. ఖర్చు 40 వేలు దాటకూడదని మా ఇంట్లో తీర్మానం అయింది. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

బరంపురం పాఠాలు:

బాటసారి గారూ, మీరు చెప్పిన లక్షణాల్లో మొదటి మూడూ ఒకే చోటికి దారితీస్తున్నాయి. కానీ కొలవకుండా కొనవద్దు. షాకు కంపెనీ పేరు చివరగా తేలవలసిన విషయం. ముందు తేలవలసింది మీ బరువుకు మీ స్ప్రింగ్ సరిపోతుందా లేదా అన్నది.

బరువు పడినప్పుడు సస్పెన్షన్ ఎంత దిగుతుందో చెప్పే కొలతను శాగ్ అంటారు. దానికి టేపు, ఒక సహాయకుడు ఉంటే చాలు. బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, వెనక చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు చక్రం ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైన ర్యాకు మీద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత స్టాండు తీసి బండిని దాని సొంత బరువు మీద నిలబెట్టి కొలవండి. తర్వాత మీరు హెల్మెట్, జాకెట్‌తో సహా కూర్చుని, చివరగా మీ ఇద్దరూ, సామాను మొత్తం ఎక్కిన తర్వాత కొలవండి. ప్రతిసారీ సీటును ఒకసారి కిందికి నొక్కి మెల్లగా వదిలి ఒక కొలత, కాస్త పైకి ఎత్తి మెల్లగా వదిలి ఇంకొక కొలత తీసుకుని రెండింటి సగటు రాసుకోవాలి. సీళ్ళ దగ్గర, బేరింగుల దగ్గర ఉండే రాపిడి వల్ల ఆ రెండు కొలతలూ ఒక్కటి కావు. తేడా మరీ ఎక్కువగా ఉంటే ఎక్కడో ఏదో పట్టేస్తోందని అర్థం.

మీ బండికి వెనక చక్రం ప్రయాణం 180 మి.మీ., ముందు 200 మి.మీ. దూర ప్రయాణాల బండికి మనిషి ఎక్కిన తర్వాత ఈ ప్రయాణంలో సుమారు 30 శాతం దిగాలి, అంటే వెనక 54 మి.మీ. అటూ ఇటూ. ఖాళీ బండి తన బరువుతో 5 నుంచి 10 శాతం దిగాలి. రెండో అంకెను చాలామంది పట్టించుకోరు గాని, స్ప్రింగ్ మెత్తదనం బయటపడేది దానితోనే.

ఎలాగంటే, ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే కొంత నొక్కి ఉంచే సర్దుబాటు) తిప్పితే స్ప్రింగ్ గట్టిపడుతుందని మన దగ్గర గట్టి నమ్మకం ఉంది. అది నిజం కాదు. ప్రీలోడ్ బండి ఎత్తును మార్చుతుంది, అంతే. ఒక్కో మిల్లీమీటరు నొక్కడానికి ఎంత బలం కావాలన్నది స్ప్రింగ్ తీగ మందం, చుట్ల వెడల్పు, చుట్ల సంఖ్య నిర్ణయిస్తాయి; హుక్ స్పానరుతో ఎంత తిప్పినా అది మారదు. కాబట్టి ప్రీలోడ్ చివరి దాకా తిప్పాక ఖాళీ బండి దాదాపు దిగకుండా నిలబడిపోయి, ఇద్దరు ఎక్కితే మాత్రం ఇంకా సగం దాకా కుంగిపోతుంటే, ఆ స్ప్రింగ్ మీ బరువుకు మెత్తనిది అని తేలినట్టే. ప్రీలోడ్ ప్రస్తుతం ఉన్నచోట ఒకసారి, పూర్తిగా బిగించి ఒకసారి కొలిచి ఇక్కడ రాయండి.

పర్లాకిమిడి షెడ్డు:

పాఠాలు గారు చెప్పిన కొలతలకు ముందు చేయవలసిన పని ఒకటుంది. ఆ ఠక్కుమనే శబ్దం షాకు అడుగు తగలడం వల్లే వస్తోందని ఎలా నిర్ధారించారు? ఈ బండికి వెనక షాకు నేరుగా స్వింగ్ ఆర్మ్‌కు తగలదు, మధ్యలో లింకేజీ, అంటే కీళ్ళతో కదిలే మీటల అమరిక, ఉంటుంది. ఆ లింకేజీలో బేరింగులు చక్రానికి దగ్గరగా, కిందుగా ఉంటాయి. వానాకాలంలో మన వైపు ఎర్రమట్టి నీళ్ళు మొదట చేరేది అక్కడికే. ప్రెషర్ పంపుతో బండి కడిగేవాళ్ళు నీటి గొట్టాన్ని నేరుగా అక్కడికే గురిపెడతారు కూడా. గ్రీజు కొట్టుకుపోయి, లోపలి సూదుల్లాంటి రోలర్లు తుప్పుపట్టి, ఎర్రటి పొడిగా రాలిన బేరింగులను మా షెడ్డులో తరచుగా చూస్తుంటాము.

పరీక్ష సులువే. బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, వెనక చక్రాన్ని రెండు చేతులతో కింద నుంచి పట్టుకుని అంగుళం పైకి ఎత్తి దించండి. షాకు కదలడానికి ముందే చక్రం కొంచెం ఖాళీగా ఆడి టక్ మంటే, అది లింకేజీ బుష్షులో గాని షాకు కంటి (చివర బోల్టు దూరే రంధ్రం) బుష్షులో గాని వచ్చిన ఆట. ఒక వేలు లింకేజీ కీలు మీద ఆనించి ఉంచితే ఆట ఏ కీలులో ఉందో వేలికే తెలుస్తుంది. తర్వాత చక్రాన్ని కుడికీ ఎడమకూ నెట్టండి. అప్పుడు ఆడితే స్వింగ్ ఆర్మ్ బేరింగు లేదా చక్రం బేరింగు. ముందు వైపు, చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిలును వేలితో మెల్లగా తిప్పండి. నడిమికి రాగానే చిన్న గాడిలో పడినట్టు ఆగితే స్టీరింగ్ బేరింగు పోయింది. ఆ స్థితిలో ఎంత ఖరీదైన షాకు బిగించినా మలుపులో బండి తిన్నగా ఉండదు.

షాకు రాడ్డును కూడా చూడండి. టార్చి వేసి చూస్తే రాడ్డు మీద పలచటి నూనె పొర, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి ఉంగరంలా కనిపిస్తే సీలు పోయినట్టు. వెనక సీటును బలంగా ఒక్క నొక్కు నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి, ఇంచుక దిగి ఆగాలి. రెండు మూడు సార్లు ఎగిరితే లోపల డ్యాంపింగ్, అంటే నూనెతో ఊపును అదుపు చేసే పని, చచ్చిపోయింది. అప్పుడు స్ప్రింగ్ ఒక్కటే మార్చి ప్రయోజనం లేదు. టైర్లలో గాలి ఎంత ఉందో కూడా చల్లగా ఉన్నప్పుడే చూడండి. బండి పుస్తకంలో ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఇంకొక అంకె ఇస్తారు.

రాయగడ బాటసారి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. షెడ్డు గారు చెప్పినట్టు చూస్తే లింకేజీలో ఆట లేదు, కాకపోతే గ్రీజు ఎండిపోయి ఉంది, తీయించి కొత్తది పెట్టించాను. స్టీరింగ్ బేరింగు బాగానే ఉంది. రాడ్డు పొడిగా ఉంది. సీటు నొక్కి వదిలితే ఒకసారి లేచి, ఇంకొక చిన్న ఊపు ఊగి ఆగుతోంది.

కొలతలు ఇవి, అన్నీ మిల్లీమీటర్లలో. ప్రీలోడ్ ఇప్పుడున్నట్టు ఉంచితే ఖాళీ బండి 14, నేను ఒక్కడినే కూర్చుంటే 48, ఇద్దరం, సామానుతో 92. ప్రీలోడ్ చివరి దాకా తిప్పితే ఖాళీ బండి 2, ఇద్దరం, సామానుతో 79. జాకెట్, హెల్మెట్‌తో నేను 80 కిలోలు, మా ఆవిడ 60 కిలోలు, సామాను 22 కిలోలు. సామానులో వెనక ర్యాకు మీద ఉన్నది సుమారు 10 కిలోలు.

బరంపురం పాఠాలు:

ఇంత శుభ్రంగా కొలిచి ఇచ్చేవారు అరుదు. ఇక లెక్క తేలిక.

మీరు ఒక్కరే ఉన్నప్పుడు 48, అంటే 180లో 27 శాతం. కంపెనీ ఈ స్ప్రింగ్‌ను మీలాంటి ఒక్క మనిషిని దృష్టిలో పెట్టుకునే ఎంచుకుందని తెలుస్తోంది, అందులో తప్పేమీ లేదు. నిండు బరువుతో 92, అంటే 51 శాతం. గుంత రాకముందే సగం ప్రయాణం ఖర్చయిపోయింది. ప్రీలోడ్ చివరికి తిప్పినా 79 దగ్గరే ఆగింది, అది 44 శాతం. అప్పటికే ఖాళీ బండి 2 మి.మీ. మాత్రమే దిగుతోంది. అంటే ప్రీలోడ్‌తో చేయగలిగినదంతా చేసేశారు. స్ప్రింగ్ మెత్తనిది, ఇందులో అనుమానం లేదు.

ఎంత గట్టిది కావాలి? ఖాళీ బండి స్థితి నుంచి లెక్కిస్తే మీ ఒక్కరి బరువుకు 34 మి.మీ., మొత్తం బరువుకు 78 మి.మీ. దిగుతోంది. 25 శాతం గట్టి స్ప్రింగ్ వేస్తే ఈ రెండూ దాదాపు 27, 62 అవుతాయి. ఇద్దరూ వెళ్ళే రోజున ఖాళీ బండి 5 మి.మీ. దిగేలా ప్రీలోడ్ పెట్టుకుంటే నిండు బరువుతో 67 మి.మీ., అంటే 37 శాతం వస్తుంది. ఒక్కరే వెళ్ళే రోజున ప్రీలోడ్ వదిలి ఖాళీ బండి మళ్ళీ 14 దిగేలా పెడితే 41 మి.మీ., అంటే 23 శాతం. రెండూ ఆదర్శం కావు గాని రెండింటితోనూ హాయిగా తిరగవచ్చు. 50 శాతం గట్టి స్ప్రింగ్ అయితే నిండు బరువుకు 57 మి.మీ. దగ్గర చక్కగా కుదురుతుంది, కానీ మీరు ఒక్కరే జేకేపూర్ వెళ్ళే రోజుల్లో ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. వారంలో ఎక్కువ రోజులు ఒక్కరే వెళ్తారు కాబట్టి నా ఓటు మొదటిదానికే. లింకేజీ ఉండడం వల్ల చక్రం దిగే కొద్దీ గట్టిదనం మారుతుంది కనుక ఈ అంకెలను దగ్గరి అంచనాలుగానే తీసుకోండి.

పై లెక్కలో దాగి ఉన్న అసలు విషయం ఏమిటంటే, ఏ స్ప్రింగ్ వేసినా ఒక్కరికీ ఇద్దరికీ మధ్య ప్రీలోడ్ మార్చక తప్పదు. స్పానరు పట్టుకుని షాకు దగ్గర చేయి దూర్చి తిప్పవలసి వస్తే ఎవరూ తిప్పరు, ఇది మనుషుల సంగతి. అందుకే చేత్తో తిప్పే గుండీ ఉన్న హైడ్రాలిక్ ప్రీలోడ్, మీ వాడకానికి, నైట్రోజన్ డబ్బా కన్నా, కంప్రెషన్ క్లిక్కుల (షాకు నొక్కుకునే వేగాన్ని మెట్లుమెట్లుగా మార్చే సర్దుబాటు) కన్నా ఎక్కువ విలువైనది. మీ డబ్బు ముందు దాని మీద పెట్టండి.

ఉన్న షాకుకే గట్టి స్ప్రింగ్ వేస్తే సరిపోదా అని అడిగారు. గట్టి స్ప్రింగ్ మరింత బలంగా వెనక్కి తన్నుతుంది. ఆ తన్నుడును అదుపులో పెట్టేది రీబౌండ్ డ్యాంపింగ్. స్ప్రింగ్ గట్టిదనం 25 శాతం పెరిగితే డ్యాంపింగ్ దాని వర్గమూలం లెక్కన, అంటే సుమారు 12 శాతం, పెరగాలి. మీ షాకుకు ఉన్నది ప్రీలోడ్ సర్దుబాటు ఒక్కటే, రీబౌండ్ తిప్పుకొనే వీలు లేదు. పైగా ఇప్పుడే సీటు నొక్కితే ఒక ఊపు ఎక్కువ ఊగుతోందని మీరే రాశారు. కాబట్టి స్ప్రింగ్ ఒక్కటే మార్చితే గుంతలో అడుగు తగలడం తగ్గుతుంది, మలుపులో ఊగడం మాత్రం పెరుగుతుంది. రీబౌండ్ సర్దుబాటు, మీ బరువుకు తగిన స్ప్రింగ్, చేత్తో తిప్పే ప్రీలోడ్, ఈ మూడూ ఉన్న షాకు తీసుకోండి.

జయపురం ఘాటురోడ్డు:

పాఠాలు గారి లెక్కను కాదనను. కానీ ఘాటు దిగేటప్పుడు మనల్ని నిలబెట్టేది ముందు చక్రం. ఆ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తడం లేదు.

బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిపి సుమారు 360 కిలోలు. మామూలు కన్నా కాస్త గట్టిగా, గురుత్వాకర్షణలో సగం మేర బ్రేకు పట్టారనుకోండి. ఇరుసుల మధ్య దూరం 1465 మి.మీ., మొత్తం బరువు కేంద్రం నేలకు ముప్పావు మీటరు ఎత్తున ఉందనుకుంటే, వెనక నుంచి ముందుకు మారే బరువు 90 కిలోలు దాటుతుంది. ఇంకొక మనిషి ఉన్నట్టుండి హ్యాండిలు మీద కూర్చున్నంత పని. ఫోర్కు అప్పటికే చివరి దాకా కూరుకుపోయి ఉంటే మలుపు మధ్యలో వచ్చే గుంతకు ఇక కదలడానికి చోటు ఉండదు, టైరే ఎగరాలి. సుంకి దగ్గర లారీల వెనక దిగుతూ బ్రేకు పట్టి వదిలి పట్టి వదిలి వచ్చేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. అందుకని నేనైతే 40 వేలల్లో ముందుగా ఫోర్కుకు స్ప్రింగ్‌లు, కొత్త నూనె వేయించి, మిగిలినదాంతో వెనక షాకు చూసుకుంటాను.

ఒక చిన్న ఉపాయం. ఫోర్కు మెరిసే గొట్టం మీద, సీలుకు ఆనుకుని ఒక ప్లాస్టిక్ టై వదులుగా కాకుండా, గీత పడకుండా బిగించండి. ఘాటు దిగి బండి ఆపాక అది ఎక్కడి దాకా జరిగిందో చూస్తే ఫోర్కు ఎంత లోతుకు వెళ్ళిందో తెలుస్తుంది. చివరి దాకా వెళ్ళకుండా 20, 30 మి.మీ. మిగిలితే ఫోర్కు జోలికి పోనవసరం లేదు.

బరంపురం పాఠాలు:

ఘాటురోడ్డు గారి లెక్క సరైనదే. ఒక్క మాట మాత్రం చేర్చాలి. ఫోర్కు అంత లోతుకు కూరుకుపోవడంలో వెనక భాగం వాటా కూడా ఉంది. వెనక స్ప్రింగ్ కుంగినప్పుడు ముందు చక్రం తేలికపడి ఫోర్కు మామూలు కన్నా పైకి లేచి నిలబడుతుంది. బ్రేకు పట్టినప్పుడు అక్కడి నుంచి దిగాలి కాబట్టి దిగే దూరం పెరిగి, అది ఉన్నట్టుండి పడినట్టు అనిపిస్తుంది. వెనక ఎత్తు సరిచేసిన తర్వాత టై మళ్ళీ చూస్తే చాలామందికి అంకె మారుతుంది. అందువల్ల నా వరుస వెనక నుంచి ముందుకు.

ర్యాకు మీది సంచి సంగతి కూడా ఇందులో భాగమే. వెనక ఇరుసుకు 300 మి.మీ. వెనకగా 10 కిలోలు పెడితే వెనక చక్రం మీద పడేది 10 కాదు, 12 కిలోలు. ఆ పై రెండు కిలోలూ ముందు చక్రం మీద నుంచి లేచి వచ్చినవి. తూకం చిన్నదే కానీ అది ఎత్తుగా, చివరగా ఉంటుంది కాబట్టి మలుపులో ఊగే బండిని ఇంకా ఊపుతుంది. పనిముట్లు, నీళ్ళ సీసాలు పక్క పెట్టెల్లో అడుగున, ముందుకు జరిపి పెట్టండి. ర్యాకు మీద రెయిన్‌కోట్లు, దుప్పటి వంటి తేలిక వస్తువులు ఉంచండి. దీనికి పైసా ఖర్చు లేదు.

గుణుపురం గాలి:

హిమాలయన్ 450 తీసుకుంటే సరిపోదా? దానికి ముందు షోవా వారి తలకిందుల ఫోర్కు, ముందూ వెనకా 200 మి.మీ. ప్రయాణం ఉన్నాయి కదా.

పర్లాకిమిడి షెడ్డు:

గాలి గారూ, 40 వేల ప్రశ్నకు మూడు లక్షల జవాబు ఇచ్చారు! ఆ బండికి కూడా వెనక ఉన్నది ప్రీలోడ్ సర్దుబాటు ఒక్కటే. ఇద్దరి బరువు, సామాను సమస్య అక్కడా మొదటి నుంచి కొలుచుకోవలసిందే.

ఇక చిక్కటి నూనె మాట. ఆ సలహా మన ఊళ్ళన్నిటిలో వినిపిస్తుంది కాబట్టి కాస్త విడమరచి రాస్తున్నాను. సర్దుబాటు లేని మామూలు ఫోర్కులో నూనె ఒక రాడ్డుకు ఉన్న చిన్న రంధ్రాల గుండా దూరి వెళ్తుంది. రంధ్రం పరిమాణం మారదు కాబట్టి ఫోర్కు వేగం రెట్టింపయితే అడ్డగింపు సుమారు నాలుగు రెట్లవుతుంది. బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు మెల్లగా దిగుతుంది, అక్కడ ఈ అడ్డగింపు చాలదు. పదునైన గుంత అంచు తగిలితే ఫోర్కు మెరుపులా కదలాలి, అక్కడ అడ్డగింపు మితిమీరి ఆ దెబ్బ మణికట్టుకు చేరుతుంది. చిక్కటి నూనె పోస్తే రెండు చోట్లా అడ్డగింపు పెరుగుతుంది. ముక్కు దిగడం కొంచెం నెమ్మదిస్తుంది, కానీ ఆగదు, ఎందుకంటే చివరికి ఎంత లోతు దిగాలో తేల్చేది స్ప్రింగ్. గుంతల మీద మాత్రం చేతులు నొప్పిపుడతాయి.

నూనె డబ్బా మీద 10డబ్ల్యూ, 15డబ్ల్యూ అని ఉండే అంకెలను కూడా నమ్మవద్దు. ఒక కంపెనీ 10డబ్ల్యూ ఇంకొక కంపెనీ 15డబ్ల్యూ కన్నా చిక్కగా ఉండవచ్చు. 40 డిగ్రీల దగ్గర ఎన్ని సెంటీస్టోకులో (చిక్కదనం కొలత) వారి వివరాల కాగితంలో ఉంటుంది, పోల్చవలసింది దాన్ని. నూనె మట్టం ఇంకా ముఖ్యం. స్ప్రింగ్ బయటికి తీసి, ఫోర్కు పూర్తిగా కిందికి నొక్కి, పై అంచు నుంచి నూనె దాకా ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉందో రెండు కాళ్ళలోనూ ఒకేలా కొలవాలి. ఆ ఖాళీలోని గాలి కూడా ఒక స్ప్రింగే, చివరి భాగంలో గట్టిపడేది అదే. మట్టాన్ని 10 మి.మీ. పెంచితే ముక్కు చివరి దాకా కొట్టుకోవడం తగ్గుతుంది. కొలత పాత్రతో ఇన్ని మిల్లీలీటర్లు అని పోసి మూత బిగించేస్తే, అడుగున మిగిలిపోయిన పాత నూనె వల్ల ఒక కాలు ఒకలా, ఇంకొక కాలు ఇంకొకలా పనిచేస్తాయి.

ఎమ్యులేటర్ అనే కవాటం వేసి ఆ రాడ్డు రంధ్రాలను పెద్దవి చేయిస్తే మెల్లని కదలికకూ, వేగమైన కదలికకూ విడివిడిగా అడ్డగింపు పెట్టుకోవచ్చు. అది మంచి పనే. అయితే రంధ్రాలు పెద్దవి చేశాక వెనక్కి రావాలంటే కొత్త రాడ్డు కొనాలి. మీ బడ్జెట్‌లో అది ఇప్పుడు వద్దు.

జయపురం ఘాటురోడ్డు:

వెనక షాకు మొదటా, ఫోర్కు మొదటా అన్న చర్చలో పాఠాలు గారి వాదనకు నేను సగం ఒప్పుకుంటున్నాను: వెనక షాకు, దాంతోపాటే ఫోర్కు నూనె మట్టం సరిచేయించడం. ఫోర్కు స్ప్రింగ్‌లు తర్వాత, టై చూసి. ఈ వరుసకు మీ 40 వేలలో చోటుంటుంది. నైట్రోజన్ డబ్బా విడిగా ఉన్న షాకు కోసం పట్టుబడితే ఉండదు.

ఆ డబ్బా వల్ల లాభం లేదని కాదు. షాకు గంటల తరబడి గతుకుల మీద కొట్టుకుంటే లోపలి నూనె వేడెక్కి పలచబడుతుంది, గ్యాసుతో కలిసిన నూనె అయితే నురుగు కడుతుంది. డబ్బాలో తేలే పిస్టను గ్యాసును, నూనెను వేరుగా ఉంచుతుంది కాబట్టి ఆ బాధ తప్పుతుంది, నూనె ఎక్కువ పట్టడం వల్ల వేడీ నెమ్మదిగా ఎక్కుతుంది. రోజంతా రాళ్ళ దారిలో తిరిగేవారికి అది కావాలి. మీరు చెప్పిన దారిలో చాలా భాగం తారు రోడ్డే. షాకు ఒళ్ళులోనే తేలే పిస్టను ఉన్న మోనోట్యూబ్ రకం దొరికితే అది చాలు.

రాయగడ బాటసారి:

దారి స్పష్టంగా కనిపిస్తోంది. ప్లాస్టిక్ టై కట్టి చూశాను, ఫోర్కు చివరికి ఇంకా 15 మి.మీ. మిగిలేంత దాకా వెళ్ళింది. షాకు ఆర్డరు పెట్టేటప్పుడు అమ్మేవారిని ఏమేమి అడగాలో కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది. మా ఊళ్ళో ఇవి దొరకవు, కొరియరులోనే రావాలి.

పర్లాకిమిడి షెడ్డు:

15 మిగిలిందంటే ఫోర్కు నూనె మట్టంతోనే సరిపోవచ్చు. షాకు బిగించాక మళ్ళీ చూడండి.

అమ్మేవారికి మీ నాలుగు బరువులు, అంటే మీది, మీ ఆవిడది, పక్క పెట్టెలది, ర్యాకుది, విడివిడిగా రాసి పంపండి. బండి మోడల్ చెప్పి ఊరుకుంటే వారు ఒక్క మనిషికి సరిపోయే స్ప్రింగ్ వేసి పంపేస్తారు, అక్కడికి మీ డబ్బు పోయి పాత సమస్యే మిగులుతుంది. స్ప్రింగ్ మీద రాసి ఉన్న అంకె ఎంతో, అది ఏ బరువుకు ఎంచుకున్నారో రాతపూర్వకంగా అడగండి. స్ప్రింగ్ తప్పితే మార్చి ఇస్తారా అని కూడా ముందే తేల్చుకోండి.

కొత్త షాకు రెండు కళ్ళ మధ్య పొడవు బండితో వచ్చిన షాకుతో సమానంగా ఉండాలి. ఎత్తు పెరుగుతుందని పొడవైనది అంటగట్టేవారు ఉన్నారు. లింకేజీ ఉన్న బండిలో షాకు దగ్గర కొద్ది మిల్లీమీటర్లు చక్రం దగ్గర అంతకు మించి అవుతాయి. వెనక లేస్తే ట్రెయిల్ (ముందు చక్రాన్ని తిన్నగా నిలిపే ఫోర్కు వాలు కొలత) తగ్గి హ్యాండిలు చురుకవుతుంది, నిండు బరువుతో అది చిరాకు. గొలుసు వదులు మారుతుంది, సైడు స్టాండు మీద బండి మరీ వాలిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ షాకును విప్పి సీలు, నూనె మార్చి మళ్ళీ గ్యాసు నింపడం ఎక్కడ జరుగుతుందో అడగండి. విప్పడానికి వీలుకాని షాకు, విప్పడానికి వీలైనా విడిభాగాలు దేశంలో లేని షాకు, రెండూ మనకు ఒకటే. విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో చేసేవారు ఉంటే బస్సు పార్శిల్‌లో పంపించుకోవచ్చు. పాత షాకును పారేయకండి, కొత్తది రిపేరుకు వెళ్ళినన్నాళ్ళూ బండి దాని మీద తిరుగుతుంది.

బిగించాక మొదట రీబౌండ్‌ను కంపెనీ చెప్పిన నడిమి క్లిక్కు మీద ఉంచి, శాగ్ కొలిచి ప్రీలోడ్ పెట్టండి. ఒక్కరికి గుండీ ఎన్ని క్లిక్కులు, ఇద్దరికి ఎన్ని క్లిక్కులు అన్నది పెట్టె మూత లోపల పెయింటు పెన్నుతో రాసుకోండి. తర్వాత నిండు బరువుతో ఒకే రోడ్డు మీద రీబౌండ్ ఒకసారికి రెండు క్లిక్కుల చొప్పున మార్చి చూడండి. మలుపులో ఊగితే పెంచాలి. వరస గతుకుల మీద వెనక భాగం మెల్లగా కుంగుతూ పోయి పైకి లేవకపోతే, పెంచింది ఎక్కువైందని అర్థం, తగ్గించాలి. ప్రీలోడ్, రీబౌండ్ రెండూ ఒకేసారి మార్చవద్దు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక శాగ్ మళ్ళీ ఒకసారి కొలిచి, బోల్టులను బండి పుస్తకంలో చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించండి. హెడ్‌లైటు ఎత్తు సరిచేయడం ఆ తర్వాతే పెట్టుకోండి.